గచ్చు చీల్చిన పుట్టగొడుగు, కన్ను పోయిన పికిలిపిట్ట

నన్ను పుట్టగొడుగు అన్నది మా పెదనాన్న కొడుకు. ఆయన వేలూరులో పుట్టి పెరిగిన మేస్త్రీ. నేను చిత్తూరు వైపు నుంచి వచ్చి, గుడియాత్తంలో ఆయన కింద తాపీ పట్టాను. రాష్ట్రాలు చీలుతున్న రోజులవి. వేలూరు ఆంధ్రకు పోతుందా, మద్రాసుకు పోతుందా అన్న వాదన టీ కొట్లలో చొక్కాలు చిరిగేదాకా సాగేది. ఒకనాడు కూలీలందరి ముందు ఆయన నాతో అన్నాడు:

"నువ్వు పుట్టగొడుగువి నాయనా. నిన్న వానకు లేచినావు, రేపు ఎండకు కుళ్లిపోతావు. నేను పికిలిపిట్టను. పాడేది తెలుసు, పొడిచేది తెలుసు. నీ వాన ఆ పక్క ఉండాది, పో!"

అందరూ నవ్వారు. ఆ మాటను వాళ్ల ముందే వెనక్కి తీసుకోవాలన్నాను.

"పిట్టల్ని వదులుదాం. నువ్వు గెలిస్తే తీసుకుంటా," అన్నాడు.

పికిలిపిట్టల పందెంలో ఒక పిట్ట వెన్ను చూపితే ఇద్దరూ పిట్టల కాళ్లకు కట్టిన దారాలు లాగేయాలి. నా పిట్ట వెన్ను చూపింది. ఆయన నా దారాన్ని కాలితో తొక్కిపట్టాడు. నా పిట్ట కన్ను పోయింది, తర్వాత మెడ చిరిగింది. తాపీ పిడితో ఆయన మూతి మీద కొట్టాను. పన్ను ఊడింది. తక్కువే కొట్టాను.

అయినా ఆయన కిందే పని చేస్తున్నాను. ఆయన సొంతిల్లు కడుతున్న చోట చెదల పుట్ట ఉండేది. అడుగుదాకా తవ్వి తీయాలన్నాను.

"సుమ్మా ఉండప్పా, నోరు మూసుకో! పుట్టగొడుగు చెప్తే నేను వినాల్నా?"

పైపైన చదును చేసి సున్నపు గచ్చు వేశాడు.

తొలి వానలకు ఆ గచ్చు పగిలింది. బల్లెం మొనల్లాంటి పుట్టగొడుగులు లేచాయి. ఆయన గచ్చు కొట్టే దిమ్మిసతో చితగ్గొట్టాడు. తెల్లారేసరికి మళ్లీ లేచాయి. పికిలి పొడవాలంటే పస్తు పెట్టి, కాలికి దారం కట్టి ఉసిగొల్పాలి. పుట్టగొడుగును ఎవరు ఉసిగొల్పారు?

ఆయన గడపలో నిలబడి అదే అడిగాను. ఆయన దిమ్మిస నా మీదికి విసిరాడు. భుజం ఎముక విరిగింది.

రాష్ట్రాలు చీలాయి. వేలూరు మద్రాసుకే మిగిలింది. ఇద్దరం ఈ పక్కే ఉండిపోయాం. మరుసటేడు వానలకు ఆయన భార్య, మా వదిన, ఆ గచ్చులో లేచినవే కూర వండి, గిన్నెతో మా వాకిట్లోకి వచ్చింది.

"తిను నాయనా, ఇంక చాల్లే."

"కూర ఎందుకు వదినా? ఆ మాట తీసుకోమని చెప్పు."

గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయింది. చీమలు పట్టేదాకా నేను ముట్టలేదు.