సోమవారం మెదడు

"ఇది ఎద్దు మెదడు కాదు. నన్ను మోసం చేస్తున్నావు."

"మోసమా? ఈ చేత్తోనే పుర్రె పగలగొట్టి తీశాను నాయనా. కొమ్ములు కూడా చూపించమంటావా?"

"వేలు పెడితే దిగిపోతోంది. ఇంత మెత్తగా ఉందంటే ఆవుదే. ఆ రెండోది గట్టిగా ఉంది చూడు, అదీ ఎద్దుదంటే. డాక్టరుగారి పుస్తకంలో ఉంది."

"అయితే ఆ పుస్తకమే ఉడకబెట్టుకోమను."

మాంసపు హాలులో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. డాక్టరుగారి శిష్యుడికి చెవులదాకా ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు. రెండు పళ్ళేల మీదా ఉన్న కాగితం ముక్కలు తీసి, అక్కడే అటుది ఇటు మార్చేశాడు. గట్టిదాని మీద 'పురుషుడు', మెత్తదాని మీద 'స్త్రీ'. రెండు పళ్ళేలూ చేతబట్టుకుని పోయాడు. శాస్త్రం పుట్టడం నేను కళ్ళారా చూసింది అదొక్కసారే.

ఆ దుకాణం హిలెగోంట్‌ది. యాభై దాటిన మనిషి. నాలుకలు, కార్జాలు, పేగులు, మెదళ్ళు అమ్మేది. మొగుడు బారెంట్ పోయి మూడేళ్ళు. ఉన్నన్నాళ్ళూ ఆయన బీరు దుకాణంలోనే కూర్చునేవాడు కాబట్టి, ఆయన పోవడం వల్ల వ్యాపారానికి వచ్చిన లోటేమీ లేదు. పదహారు వందల డెబ్బై రెండులో ఫ్రెంచి సైన్యం మీద పడ్డప్పుడు, వాళ్ళను ఆపడానికి మగవాళ్ళందరూ గట్లు తెగ్గొట్టి పొలాలు ముంచడానికి పోతే, హాలులో గొడ్డలి పట్టి ఊరికి తిండి పెట్టింది ఈవిడే. అక్షరం ముక్క రాదు. మాంసం మీద బొటనవేలు ఆనించి, ఏ రోజు కోశారో, పొద్దునో సాయంత్రమో చెప్పేది. నేను వాళ్ళింటి మేడమీద గదిలో అద్దెకుండేవాణ్ణి. లాటిన్ చదువు సగంలో వదిలేసి వచ్చానని తెలిసిన రోజు నుంచి నన్ను పేరుపెట్టి పిలవలేదు, 'లాటినూ' అనే పిలిచేది.

ఆ సగం చదువులో నాకు నేర్పింది ఇదీ: ప్రకృతి ఎప్పుడూ మగవాణ్ణే చెయ్యాలనుకుంటుంది, వేడి చాలకపోతే ఆడది పుడుతుంది. అంటే సరిగ్గా కాలని రొట్టె. ఇది పాత గ్రీకుల మాట. కొత్తవాళ్ళు ఇంకా నాజూకుగా చెప్పారు: ఆడదాని మెదడులో నరాలు మెత్తన, అందులో లేసు అల్లికలు నిలుస్తాయి గాని సత్యం నిలవదు. ఇవన్నీ నేను చక్కటి దస్తూరీతో రాసుకున్నాను. పరీక్షలో ఒప్పచెప్పి శభాష్ అనిపించుకున్నాను కూడా. మా అమ్మ పంపిన వెన్న తింటూ.

ఇప్పుడు ఆ మెత్తదనం హిలెగోంట్ మెడకు చుట్టుకుంది. కసాయి సంఘం పెద్ద వౌటర్‌కు ఆ దుకాణం తన అల్లుడికి కావాలి. మంచి మాంసమేదో చెడ్డదేదో తేల్చగలిగితేనే విధవకు దుకాణం దక్కుతుందని సంఘం నియమం. ఆడదాని బుర్రకు తేల్చే శక్తి ఉండదని వౌటర్ వాదన. రేపు, బుధవారం, డాక్టరుగారు సంఘం ముందు ఎద్దు మెదడూ ఆవు మెదడూ రెండు పళ్ళేల్లో పెట్టి దాన్ని రుజువు చేస్తారు. పదకొండేళ్ళుగా ప్రతి బుధవారం ఇంట్లో పాఠంలో చేసి చూపించేదే, హాలండ్ అంతటా పేరు తెచ్చిపెట్టిందే. రుజువైతే దుకాణం పోయినట్టే.

నేను బల్ల దగ్గరికి వెళ్ళాను.

"పిన్నీ, నిజం చెప్పు. మెత్తది ఎద్దుదేనా?"

"సోమవారం కోసింది మంగళవారానికి మెత్తబడక ఏం చేస్తుంది?"

"మరి ఎప్పుడూ ఆవుదే మెత్తగా ఉంటుందిగా?"

"ఎప్పుడూ సోమవారం ఆవులు, మంగళవారం ఎద్దులు కోస్తారు. ఈ వారం సంత ఉందని వౌటర్ తిరగేశాడు."

పదకొండేళ్ళ సిద్ధాంతం ఒక రోజు నిలవ మాంసం మీద నిలబడి ఉంది.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు? పాపం ఆయనకు మెదడు వేపుడు ఇష్టమేమో అనుకున్నాను. ఆ కాగితాలు ఇవాళేగా చూడటం. ఏం రాసుంది వాటి మీద?"

చెప్పాను. ఆవిడ చేతులు తుడుచుకుంది. నేనే ఊగిపోయాను. కరపత్రం రాస్తానన్నాను, నలభై పేజీలు, అరిస్తే గ్రీకులు సమాధుల్లోంచి లేవాలన్నాను. ఆత్మకు ఆడా మగా లేదని లాటిన్‌లో వాదిస్తానన్నాను.

"నువ్వు నలభై పేజీలు రాసేలోపు వౌటర్ అల్లుడు నా గొడ్డలికి పదును పెట్టుకుంటాడు," అంది. "ఇంత మాట్లాడేవాడివి చదువు ఎందుకు వదిలేశావు?"

"విసుగొచ్చి."

"మంచిది. అయితే విను." ఆవిడ గొంతు తగ్గించింది. హాలు అవతల వౌటర్ ఎవరితోనో బేరమాడుతున్నాడు. "రేపు తెల్లారగానే వౌటర్ ఒక ఆవును కోస్తాడు. దాని మెదడు వేడి తగ్గకముందే, ఇంకా గట్టిగా ఉండగానే పళ్ళెంలో పెట్టి నీకిస్తాను. సంఘం గదిలోకి ఆడవాళ్ళను రానివ్వరు. విధవ తరఫున మగమనిషి రావచ్చు. నువ్వు మగవాడివేగా, అంతవరకు చాలు. పళ్ళెం డాక్టరు ముందు పెట్టి, వేలుతో నొక్కి ఇది ఎద్దుదో ఆవుదో చెప్పండి అని అడుగు. ఆ ఆవును కోసిన వౌటర్ పక్కనే కూర్చుని ఉంటాడు. నా గురించి ఒక్క మాట మాట్లాడొద్దు. ఆత్మ గురించి అసలే వద్దు. ఉతికిన చొక్కా వేసుకుని, ఆ ఒక్క ప్రశ్నా అడిగి నోరు మూసుకు కూర్చోవాలి. చేసిపెడతావా, లాటినూ?"