చక్రవర్తి చెంప మీద గాటు

తాండూరు నుంచి అక్క ఫోన్ చేసేసరికి వికారాబాద్‌లో నా టిఫిన్ ఇంకా ముగియలేదు. అమ్మ ఆమెకిచ్చిన పాత వెండి నాణేన్ని ఏటా దీపావళి పూజలో పెడుతుంది. దాన్ని ఫోన్ చేసిన రోజే కరిగించి కొత్త లక్ష్మి బిళ్ల చేయిస్తుందట. నాణెం మీద గాటుంది కాబట్టి అది భిన్నమైన, అంటే దెబ్బతిన్న ప్రతిమ, పూజకు పనికిరాదని పూజ చేయించే అయ్యగారు చెప్పారట.

"నేనొచ్చేదాక ఆపు అక్కా" అన్నాను.

పదిన్నర ప్యాసింజర్ దొరికింది. టికెట్ చవకే, సీటుకే కొట్లాట. నా చేతిలోని, పాత నాణేలు తూచే చిన్న త్రాసు చూసి, పెద్దేముల్ పోయే ఒకామె "బంగారం కొంటున్నవా అన్నా?" అని అడిగింది.

"లేదమ్మా, ఒక రాజును కాపాడనీకి పోతున్న."

"రాజుల ఫికర్ మనకెందుకు? జర జరుగు" అని నవ్వి, సగం సీటు తీసుకుంది.

నాపరాళ్ల గుట్టలు కనిపించాయంటే తాండూరు వచ్చినట్టే. షేర్ ఆటోలో బజారుకు చేరాను. వెండిపని చేసే మల్లయ్య దుకాణంలో కుంపటి రాజుకుని ఉంది. అక్క నాణెం పట్టుకుని కూర్చుంది.

నాణెం మీద ఒకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ బొమ్మ, చేతిలో కొమ్మ. మా ఇంట్లో ఆమెనే లక్ష్మి అనుకుని ఏటా చింతపండుతో తోమి బొట్టు పెట్టారు. రెండోవైపు తలకు ఆకుల దండ కట్టుకున్న రోము చక్రవర్తి; రెండు వేల ఏళ్ల కిందట వర్తకంలో ఇటు వచ్చిన నాణెం. తాను దేవుడి కొడుకునని చుట్టూ రాయించుకున్నాడు. పుస్తకాలు ముందేసుకుని ఆ అక్షరాలు కూడబలుక్కోవడానికి నాకు ఒక వానకాలం పట్టింది. గాటు అతడి చెంప మీదే ఉంది.

తూచాను. మూడున్నర గ్రాములకు కాస్త పైన. అరిగినా అసలు బరువుకు దగ్గరే.

"బరువు చూస్తె దోషం పోతదా తమ్మీ?" అంది అక్క.

నేను మల్లయ్య వైపు తిరిగాను. "ఎవడో కొత్తోడు వెండి తెస్తె ఎట్ల నమ్ముతవ్?"

"నమ్ముడేంది సార్? ఉలితోటి ఒక్కటి కొడ్త, లోపల చూస్త."

"మరి గీ గాటేంది?"

మల్లయ్య నాణేన్ని వెలుగుకు పట్టి చూశాడు. "మావోడే ఎవడో కొట్టిండు. లోపల గూడ తెల్లగనే ఉంది."

"అంటె మా లక్ష్మి పరీక్షల నిల్చింది" అంటూ అక్క నాణెం లాక్కుని కొంగున ముడేసింది.

"అయ్యగారు అడిగితె?" అన్నాడు మల్లయ్య.

"నాకాడికి పంపు. పూజ నా ఇంట్ల, బొట్టు నా చేతిది. నువ్వు కుంపటి ఆర్పు!"

సాయంత్రం తిరుగు బండిలో కిటికీ సీటు దొరికింది. రోములో ఆ ముఖానికి వంగి దండాలు పెట్టారేమో. మా వైపు ఒకడు దాని చెంప మీద ఉలి పెట్టాడు. వెండి నిజమని తేలాక వెండి తీసుకున్నాడు, దేవుడి కొడుకన్న మాట తీసుకోలేదు. ఇలాంటి నాణెం మీ ఇంట్లో ఉంటే కరిగించకండి, గాటు పూడ్పించకండి. ముఖం వాళ్లదే, దెబ్బ మనది.