ఇటుకలకిచ్చిన ఐదు రోజులు

సీతమ్మధారలో మా వీధి చివరి పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లం పాతికమంది దాకా ఉంటాం. పోర్టులోనూ రైల్వేలోనూ ఉక్కు పరిశ్రమల్లోనూ ఉద్యోగాలు ముగించుకుని, ఇప్పుడు రక్తపోటు గురించీ మోకాళ్ల గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఈ వేసవి మొదట్లో మా నడక సంఘం కార్యదర్శి, వడదెబ్బ గురించి ఒక పావుగంట మాట్లాడమని నన్నడిగారు. ఫర్నేసుల దగ్గర జీవితం గడిపినవాడికన్నా వేడి సంగతి ఎవరికి తెలుస్తుందని ఆయన ఉద్దేశం. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఏ పనైనా పద్ధతిగా చేయడం అలవాటు కనుక, నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పే మా కోడలి దగ్గర శరీరధర్మశాస్త్రం పుస్తకం అడిగి తీసుకుని, పెన్సిలూ కాగితమూ పట్టుకుని మూడు రోజులు చదివాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక పేజీ దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. ఆ పేజీలో భయంకరమైనదేమీ లేదు. వేడికి అలవాటుపడిన శరీరం ఒక నెల ఆ వేడికి దూరమైతే ఆ అలవాటును పోగొట్టుకుంటుందని మాత్రమే ఉంది. అది చదవగానే, ముప్పై అయిదేళ్ల క్రితం ఒక డిసెంబరు రోజున నేను నా చేత్తో రాసిన మూడు వాక్యాలు గుర్తుకొచ్చి, ఇంట్లో ఎవరూ చూడకపోయినా సిగ్గుతో పుస్తకం మూసేశాను.

ముందు ఆ పేజీలో ఉన్న విషయం చెప్పాలి, లేకపోతే నా తప్పు కొలత మీకు తెలియదు. మనం ఒళ్లొంచి పనిచేసేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగోవంతు మాత్రమే పనిగా మారుతుంది, మిగిలినదంతా వేడే. ఆ వేడిని రక్తం చర్మం దాకా మోసుకొస్తుంది, చెమట ఆవిరై బయటికి తీసుకుపోతుంది. నేలమీద బొట్లుబొట్లుగా కారిపోయిన చెమట మనిషిని చల్లబరచదు, ఆవిరైన చెమటే చల్లబరుస్తుంది. మన ఊరి సముద్రపు ఉక్కపోతలో ఎంత చెమట పట్టినా సుఖం లేకపోవడానికి కారణం అదే. కొత్తగా వేడిలోకి దిగినవాడి శరీరం వారం పదిరోజుల్లో తనను తాను సరిచేసుకుంటుంది. రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, చెమట త్వరగా మొదలై ధారాళంగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పాతవాళ్ల చొక్కాల మీద తెల్లటి ఉప్పు చారలు తక్కువగా ఉండటం నేనూ చూశాను, చూసి వాళ్లు ఒళ్లు దాచుకుంటున్నారని అనుకున్నాను. అయితే ఈ ఏర్పాటంతా శాశ్వతం కాదు. చల్లటి చోట కొన్ని వారాలు గడిపితే శరీరం దాన్ని విప్పేసుకుంటుంది. మళ్లీ మొదటి నుంచీ, రోజుకు కొంచెం చొప్పున, అలవాటు చేయవలసిందే.

అప్పట్లో నేను నగరానికి దక్షిణాన ఉన్న ఒక చిన్న రీరోలింగ్ మిల్లులో సహాయ ఇంజనీరుగా చేరి ఎనిమిది నెలలైంది, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఉక్కు దిమ్మెలను ఫర్నేసులో ఎర్రగా కాల్చి, రోలర్ల మధ్య నుంచి లాగి, కడ్డీలు చేసే మిల్లు అది. ఇప్పుడు లేదు. మాది పద్మనాభం దగ్గర వ్యవసాయ కుటుంబం. మా మేనమామ కొడుకు నాకన్నా అయిదేళ్లు ముందుగా అదే మిల్లులో రోజుకూలీగా చేరాడు. ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. బావ పని ఫర్నేసు తలుపు దగ్గర. మందపాటి నూలు కోటు, తోలు ముందుగుడ్డ వేసుకుని, పొడవాటి పట్టకారుతో మండుతున్న దిమ్మెను పట్టి రోలర్ల వైపు లాగాలి. ఇరవై నిమిషాలకొకసారి జోడీ మారేది. తాగుడు అలవాటు లేని మనిషి. ఊళ్లో జాతరలకు తాగి పడిపోయినవాళ్లను భుజానేసుకుని ఇళ్లకు చేర్చే పని ఎప్పుడూ బావదే.

ఆ ఏడాది చలికాలంలో ఫర్నేసు లోపలి ఇటుకలు మార్చడానికి మిల్లు నెలరోజులు ఆపారు. కూలీలను ఇళ్లకు పంపేశారు. బావ ఊరెళ్లి, వరి కోసి, కుప్పలేసి, మంచులో నూర్పులు నూర్చాడు. ఇక్కడ నేను కొత్త ఇటుకలతో నెలరోజులూ కాపురం చేశాను. ఫర్నేసును తిరిగి వెలిగించే బాధ్యత మొట్టమొదటిసారి పూర్తిగా నాకిచ్చారు. కొత్త ఇటుకకు ఒక్కసారిగా వేడి తగిలితే లోపలి తేమ ఆవిరై దాన్ని పగలగొడుతుంది. అందువల్ల నూటపది డిగ్రీల దగ్గర ఒక రోజు ఆపాలి, మూడువందల యాభై దగ్గర మళ్లీ ఆపాలి, మధ్యలో గంటకు పాతిక డిగ్రీలకు మించి ఎక్కించకూడదు. అయిదు రోజులు పట్టింది. గడియారంలా తిరిగే గుండ్రటి కాగితం మీద ఎర్రసిరా కలం ఉష్ణోగ్రతను గీస్తూ ఉంటే, రోజుకొక కాగితం చొప్పున, ఆ గీత ఎక్కడా నిటారుగా లేవకుండా చంటిపిల్లను కాచుకున్నట్టు కాచుకున్నాను.

ఆరో రోజు పొద్దున్న బావ ఊరి నుంచి నేరుగా వచ్చి గేటు దగ్గర నన్ను చూసి పెద్దగా నవ్వాడు.

"ఏటి బావ, నీ పెళ్లికూతురు ముస్తాబయిపోనాదా? అయిదు రోజుల్నుంచి నలుగెట్టి తానం సేయిత్తన్నావంట గదా!"

"అసూయగా ఉందేటి?" అన్నాను.

"నాకెందుకు బావ అసూయ? నాను ముసలి పెళ్లాన్ని. ఇలా రమ్మంటే అలా వొచ్చెత్తాను."

అలాగే వచ్చేశాడు. ఆ రోజు పని జాబితా రాసింది నేను. రెండో జోడీ ఇంకా ఊళ్ల నుంచి తిరిగి రాలేదు. మధ్యాహ్నంలోగా మొదటి కడ్డీ బయటికి రావాలని మేనేజరు గారి పట్టుదల. బావను తలుపు దగ్గర మార్పు లేకుండా నిలబెట్టాను. ఆరేళ్లు చేసిన మనిషి, ఆయనకేమవుతుందనుకున్నాను. పదకొండు గంటల వేళ బావ పట్టకారు కింద పడేసి, నవ్వుతూ, కుప్ప తడిసిపోతన్నాది, తాటాకులు తేండిరా అని కేకలు వేయడం మొదలుపెట్టాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. రెండడుగులు తూలి కూలిపోయాడు.

ఒంట్లో వేడి నలభై డిగ్రీలు దాటితే ముందుగా తడబడేది మెదడే, అందులోనూ నడకనూ మాటనూ అదుపులో ఉంచే భాగం. చూసేవాళ్లకు అచ్చం తాగినవాడిలాగే ఉంటుంది. అప్పటికి అది నాకు తెలియదు. డిసెంబరులో వడదెబ్బ అనే మాట ఎవరి నోటా రాలేదు. మీద రెండు బకెట్ల నీళ్లు పోసి, తడిబట్టలతోనే ఓపెన్ లారీలో ఆసుపత్రికి పంపాం. తడిబట్టల మీదుగా వీచిన సముద్రపు గాలే బావ ప్రాణం కాపాడిందని ఇప్పుడు లెక్క కట్టగలను. ఆ గాలి వల్లే ఆసుపత్రికి చేరేసరికి ఒళ్లు చల్లబడి, అసలు సంగతి అక్కడివాళ్లకు కూడా అంతుపట్టలేదు. రెండు రోజులపాటు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందని తోడున్నవాళ్లు నాతో చెప్పారు. వేడికి కండరాలు దెబ్బతిన్న గుర్తు అది. నేను విని ఊరుకున్నాను.

మేనేజరు గారు కృష్ణా జిల్లావారు. గదిలోకి పిలిచి, తలుపు వేసి, "మీవాడు తాగొచ్చాడేంటండీ?" అన్నారు. తెలియదన్నాను. "తెలియదంటే ఎలాగండీ, అక్కడ నిలబెట్టింది మీరేగా. తాగి పడ్డాడా, లేక మీ డ్యూటీ లిస్టు వల్ల పడ్డాడా? ఏదో ఒకటి రాసివ్వండి" అని కాగితం ముందుకు తోశారు. అప్పటి ఆఫీసు భాషలో నేను రాసినవి ఇవి: మాట తడబడుచుండెను. నడక తూలుచుండెను. మద్యము సేవించి విధులకు హాజరైనట్లు కనబడుచున్నది.

మొదటి రెండు వాక్యాలూ నిజం. మూడోది రాయడానికి ముందు నాకు తెలిసిన సంగతి ఒకటుంది. బావ కింద పడినప్పుడు, అందరికన్నా ముందు వంగి, నోటి దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది నేను. ఏ వాసనా లేదు. సైన్సు తెలియక చేసిన తప్పని చెప్పుకుందామని ఈ వేసవంతా ప్రయత్నించాను గాని, ఆ ఒక్క రీడింగు అడ్డం వస్తుంది. కొలిచినదాన్ని రాయకుండా వదిలేశాను. వారం తిరక్కుండా బావ గేటు పాస్ రద్దయింది. మరుసటి నెల నా ఉద్యోగం ఖాయమైంది.

బావ ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటూ ఉండిపోయాడు. తాగి ఫర్నేసు ముందు పడ్డాడన్న మాట ఆయనకన్నా ముందే ఊరు చేరింది. మా ఇళ్లలో పెళ్లిళ్లకు వచ్చేవాడు, పందిరి వేసేవాడు, భోజనాలు వడ్డించేవాడు. తను మాత్రం మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. నా మీద కోపమనుకున్నాను. ఆ కోపం న్యాయమేనని లోలోపల తెలిసి, ఆయనతో ఒంటరిగా కూర్చోవలసిన సందర్భాలు రాకుండా జాగ్రత్తపడుతూ వచ్చాను.

పుస్తకం మూసిన నాలుగో రోజు పద్మనాభం వెళ్లే బస్సెక్కాను. చేతిలో ఒక ఫైలు. అందులో ఆ ఆరు రోజుల గుండ్రటి కాగితాలు. నా జీవితంలో అంత నున్నని గీత మళ్లీ గీయించలేదని గర్వపడుతూ ఇన్నేళ్లూ దాచుకున్నవి. బావ అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. వడదెబ్బ గురించి, నెలరోజుల ఎడం గురించి, చూసిన వాసన గురించి, రాసిన వాక్యం గురించి, ఆఫీసులో నివేదిక చదివినట్టు వరుసగా చెప్పాను. ఇంకోలా చెప్పడం నాకు చేతకాలేదు. తిడతాడని సిద్ధపడ్డాను. బావ పగ్గం పక్కన పెట్టాడు.

"అయితే నాను తాగనేదా బావ?"

నాకు అర్థం కాలేదు.

"ఆ రోజు నాకేటీ గురుతు నేదు. గేటుకాడ నీతో పరాసికాలాడింది గురుతు, ఆసుపత్రిల మంచం గురుతు. మధ్యన ఏటీ నేదు. మరి నువ్వు రాసినావన్నారు. నువ్వు తప్పు రాసీవోడివి కావు గదా. ముందురోజు నూర్పులకాడ ఎవులో మజ్జిగిచ్చినారు, అందుల ఏటన్నా కలిపీసినారేమో అనుకున్నాను. అందుకే మరెవులింటా ఏటీ తాగనేదు, మళ్లీ అలగయిపోతానేమోనని భయం."

ఆ తరువాత ఇంట్లోకి తిరిగి, పండుగ కబురు చెప్పినట్టు కేకేశాడు. "ఇన్నావేటే! నాను తాగనేదంట!"

ఆయన భార్య చెల్లెలి వరస నాకు. గుమ్మంలోకి వచ్చి నిలబడి, భర్తను కాదు, నన్ను చూసింది. "నాను మొదట్నించీ అదే సెప్తన్నాను. నా మాట ఇంటాడేటి? మా బావ రాసినాడు, మా బావ రాసినాడు, అదే పాట." లోపలికెళ్లి ఒక గ్లాసుతో వచ్చి నా ముందు పెట్టింది. "ఎండన పడొచ్చినావు, మజ్జిగ తాగన్నయ్యా. ఇందుల ఏటీ కలపనేదు."

బావ ఆమెను కసిరాడు. నేను గ్లాసెత్తలేకపోయాను.

ఆ ఇబ్బంది పోగొట్టడానికే అనుకుంటాను, బావ ఫైలు చూపించి అదేటని అడిగాడు. ఆరో కాగితం తీసిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, గుండ్రంగా సాగిన ఎర్రగీత మీద వేలు తిప్పుతూ, ఆ ఇటుకలెంతకాలం నిలిచాయని అడిగాడు. ఏడేళ్లు, ఒక్క పగులు కూడా లేదన్నాను. నిజంగానే సంతోషించాడు. "మరి నాను పడిపోనాది ఎక్కడ బావ?" అన్నాడు. పదకొండు గంటల గుర్తు దగ్గర వేలు పెట్టి చూపించాను. కళ్లు చికిలించి, కాగితాన్ని వెలుతురుకెత్తి చూశాడు.

"ఇక్కడేటీ నేదు బావ."

పార్కులో నా పావుగంట ప్రసంగంలో ఈ కథంతా చెప్పాను. రైల్వేలో చేసిన పెద్దాయన ఒకరు, ఆ మనిషిని సరిగా అలవాటు చేయాలంటే ఎన్నాళ్లు పట్టేదని అడిగారు. మొదటిరోజు గంటో రెండు గంటలో, రోజురోజుకూ కొంచెం పెంచుతూ, వారం పదిరోజులు అన్నాను. ఇటుకలకిచ్చినదానికి మహా అయితే రెట్టింపు. ఇప్పుడు కొన్ని కర్మాగారాల్లో పెద్ద సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్లకు మొదటివారం తేలికపని ఇస్తున్నారని మా పాత సహోద్యోగులు చెబుతుంటారు. ఎర్రసిరా కలాలు పోయాయి, తెరల మీద అంకెలు వచ్చాయి. పద్మనాభం నుంచి పొద్దుటి బస్సుల్లో మెడలో కార్డులు వేలాడేసుకుని వెళ్లే కుర్రాళ్లకు గేటు దగ్గర హాస్యమాడటానికి ఫర్నేసు దగ్గర పనిచేసే బావలెవరూ ఉన్నట్టు లేరు. మా మిల్లు ఉన్నచోట ఇప్పుడు కంటైనర్లు పేర్చి ఉంటాయి. నేను రాసిన మూడు వాక్యాల కాగితం ఎక్కడుందో తెలియదు, కొట్టివేసి సరిచేసే వీలు లేదు. బావ ఆ మిల్లులో పనిచేశాడనడానికి నా దగ్గర మిగిలింది ఆ ఆరో రోజు గీత ఒక్కటే. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎక్కడా వంకరపోకుండా, పదకొండు గంటల దగ్గర కూడా నున్నగానే, అది తిరిగి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది.