అందరూ ఒప్పుకున్న పెళ్లి

మా థెమెలీనా అత్త పెళ్లి నవ్వుల మధ్య ఆగిపోయింది. ఎవరో అడ్డుపడి ఆపింది కాదు. అడ్డుపడాల్సిన వాళ్లంతా అప్పటికే ఒప్పేసుకున్నారు. నా కడుపుమంట అంతా అక్కడే.

ఒహాయోలోని కేంబెల్ ఊళ్లో మా వీధి మొత్తం కాలిమ్నోస్ అనే గ్రీకు ద్వీపం నుంచి వచ్చినవాళ్లే. మగవాళ్లు ఏప్రిల్‌లో వంతెనలకి రంగులు వేయడానికి బయల్దేరితే, మధ్యలో పండగకో పబ్బానికో వచ్చిపోవడం తప్ప, అక్టోబరు చివరికి గానీ ఇల్లు చేరేవారు కాదు. అత్త మా నాన్నకి చెల్లెలు. బట్టలు ఇస్త్రీ చేసే దుకాణం వెనక గదిలో కూర్చుని, చిరిగినవి కుట్టేది, వదులైనవి బిగించేది. ముప్ఫై ఏళ్లు నిండాయి. నచ్చలేదని నాలుగు సంబంధాలు తిప్పికొట్టింది. ఇక ఇది ఇంతే అని మా నానమ్మ దణ్ణం పెట్టేసి ఊరుకుంది.

ఎఫ్రాయిన్ ప్యూర్టోరికో మనిషి. మావాళ్లతోపాటే వంతెనల మీద పని. ఆ చలికాలం ఒకే ప్యాంటుని పొట్టి చేయమని ఒకసారి, పొడుగు చేయమని ఒకసారి, మళ్లీ పొట్టి చేయమని ఒకసారి తెచ్చాడు. నాలుగోసారి అత్త ఆ ప్యాంటుని బల్లమీద పరిచి చూపించింది.

"ఇంకోసారి కత్తిరిస్తే ఇది నిక్కరవుతుంది. మాట్లాడాలని ఉంటే మాట్లాడు. మధ్యలో ప్యాంటు ఏం పాపం చేసింది?"

మాట్లాడాడు. ఈస్టరు నాటికి ఇంట్లో తెలిసిపోయింది.

"మన ద్వీపం వాడు కాదుటే?" అంది నానమ్మ.

"అతనిదీ ద్వీపమేనమ్మా."

"ఏ ద్వీపం?"

"వేరే ద్వీపం."

"మన సముద్రంలోదేనా?"

"కాదు."

"అయితే అదేం ద్వీపమే, నా మొహం!"

అందరికంటే ఎక్కువ ఎగిరింది నానమ్మ తమ్ముడు సకెల్లారిస్. భార్య పోయాక మా ఇంట్లోనే ఉండేవాడు. నాకు తాత, అత్తకి మేనమామ. అబద్ధాల పుట్ట. ఆయన కథ మొదలుపెడితే వీధిలోవాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చునేవాళ్లు. "నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ పెళ్లి జరగదు" అని చెప్పి ఆ ఏడు వంతెనల పనికి వెళ్లాడు. జూన్‌లో ఒకరోజు ఆయన కాలికింది పలక జారింది. పక్కనున్న ఎఫ్రాయిన్ ఆయన నడుం బెల్టు దొరకబుచ్చుకుని, మనుషులు వచ్చేదాకా వదల్లేదు. తాత చెప్పడంలో ఆ వంతెన ఎత్తు మొదట తొంభై అడుగులు, వారం తిరిగేసరికి రెండొందలు, ఆగస్టులో మా చర్చి పండక్కి నాలుగొందలు. ఎత్తుతోపాటు ఎఫ్రాయిన్ మీద ప్రేమ కూడా పెరిగింది.

"వాడు నా కొడుకు. నా కొడుక్కి పిల్లనివ్వనన్నది ఎవరో ముందుకు రండి," అనేవాడు, అంతకుముందు ఆ మాటన్నది తనే కానట్టు.

మా చర్చిలో పెళ్లి జరగాలంటే ఎఫ్రాయిన్ మా చర్చిలో చేరాలి. చేరాలంటే పవిత్ర తైలం పెట్టే వేళ పక్కన జ్ఞానతండ్రిగా ఒకరు నిలబడాలి. ఆ గౌరవం కోసం మా ఇంట్లో జరిగిన కొట్లాట అంతా ఇంతా కాదు. నాన్న నేనన్నాడు, కసాయి దుకాణం బాబాయి నేనన్నాడు. సకెల్లారిస్ తాత బల్లమీద చెయ్యి చరిచాడు. "నా ప్రాణం వాడి చేతుల్లో వేలాడింది. వాడికి తండ్రిగా నేను తప్ప ఇంకెవడు నిలబడ్డా కాళ్లు విరగ్గొడతా!" సెప్టెంబరులో ఆయనే నిలబడ్డాడు. నా పదకొండేళ్ల జీవితంలో అత్త అంత అందంగా ఉండడం అదే మొదటిసారి చూశాను.

పెళ్లి నవంబరు రెండో ఆదివారం. దానికి పది రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, ఆడవాళ్లందరం పంచదార పూత బాదం గింజలని ఐదేసి చొప్పున తెల్లటి వల గుడ్డలో మూట కడుతున్నాం. నానమ్మ హుషారుగా ఉంది. అత్త చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటీ బయటికి లాగుతోంది.

"దీని జ్ఞానస్నానం రోజు చూడాలి! యుద్ధం రోజులు. జ్ఞానతండ్రి నోమికోస్ పడవ మీద ఎక్కడ చిక్కుకుపోయాడో తెలీదు. ఫాదరేమో ఆగనన్నాడు. చేతికందిన మగాడు మా సకెల్లారిస్ ఒక్కడే, పదిహేనేళ్ల వెధవ. నోమికోస్ బదులు వీణ్నే నిలబెట్టాం. పిల్ల ఒంటికి నూనె రాయరా అంటే గిన్నెడూ రాసేశాడు! పిల్ల చేపలా జారి, ఫాదర్ గడ్డం పట్టుకుని వేలాడింది!"

అందరం పడీపడీ నవ్వాం. అత్త కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ముందు మా అమ్మ నవ్వు ఆగింది. తర్వాత పెద్దమ్మది. నానమ్మ చేతిలో మూట అలాగే ఉండిపోయింది.

మావాళ్ల లెక్కలో ఒకే జ్ఞానతండ్రి చేతిమీదుగా తైలం అందుకున్నవాళ్లు తోబుట్టువులు. అదేదో మాటవరసకి అనుకునేది కాదు. వాళ్లిద్దరికీ పెళ్లంటే ఒక కడుపున పుట్టినవాళ్లకి పెళ్లి చేసినట్టే. చర్చి కాగితంలో ఉన్నది నోమికోస్ పేరు. చచ్చిపోయేదాకా ఏటేటా ఈస్టరుకి కొవ్వొత్తి, చెప్పులజత పంపింది కూడా ఆయనే. ముప్ఫై ఏళ్ల కిందటి ఆ గిన్నెడు నూనె ఎవరికి గుర్తుంటుంది? నానమ్మ ఆ పూట ఆ కథ చెప్పకపోతే ఈపాటికి నాకు అత్త పిల్లలు ఉండేవాళ్లు.

మర్నాడు ఫాదర్ ఇంటికొచ్చి కూర్చున్నారు. "కాగితం సంగతి వదిలేయండి. నూనె రాసింది సకెల్లారిసే అయితే ఈ పెళ్లి నేను చెయ్యలేను. బిషప్ గారికి రాసినా లాభం లేదు, ఇదివరకు ఇంకొకరి కోసం రాసి కాదనిపించుకున్నాను. నూనె రాసింది అతను కాకపోతే నాకేం అభ్యంతరం లేదు. సకెల్లారిస్, నువ్వు చెప్పు."

తాత నానమ్మ వంక చూడలేదు. "అక్కకి వయసైంది ఫాదర్. పిల్లని ఎత్తుకున్నది నేనే. నూనె రాసింది మాత్రం చర్చిలో దీపాలు వెలిగించే ముసలాయన."

నానమ్మ తమ్ముడి మొహం వంక చాలాసేపు చూసింది. "అవునవును. నాకే మతి పోయింది," అంది.

ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దమ్మ అత్తకి దిష్టి తగలకుండా తూ తూ అని ఉమ్మింది. అమ్మ మళ్లీ బాదం మూటలు ముందేసుకుంది. ఎఫ్రాయిన్‌కి ఎవరో ఫోన్ చేసి చెబితే, పనిబట్టల్లోనే పరిగెత్తుకుని వచ్చి, మా గుమ్మంలో నిలబడి ఏడ్చాడు.

ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చిలో దివ్యప్రసాదం తీసుకోవాలి, పెళ్లికి ముందు అది ఆనవాయితీ. వరసలో ఎఫ్రాయిన్ చెయ్యి పట్టుకుని ముందు నడవాల్సింది సకెల్లారిస్ తాత. ఆయన బల్ల మీంచి లేవలేదు. "పొద్దున మర్చిపోయి కాఫీ తాగేశాను, ఉపవాసం చెడింది," అన్నాడు. అందరూ నమ్మారు. ఆ పొద్దున ఇంట్లో పొయ్యి వెలిగించింది అత్త. కాఫీ గిన్నె బోర్లించినచోటే ఉండడం చూసింది.

ఇంటికొచ్చాక, నేను వంటగదిలో బంగాళాదుంపలు ఒలుస్తుండగానే అడిగింది.

"మామయ్యా, నూనె రాసింది నువ్వేగా?"

"ఎవడో ముసలాడని చెప్పాగా!"

"నా కళ్లలోకి చూసి చెప్పు."

వంతెన ఎత్తు నాలుగొందల అడుగులని కళ్లార్పకుండా చెప్పినవాడు తల దించుకున్నాడు. "అయితే ఏంటిప్పుడు? నా పాపం నేను మోస్తా. నువ్వు వెళ్లి వాడితో సుఖంగా ఉండు. నరకానికి పోతే నేను పోతాను, నీకేంటే?"

"ఈ పాపం దాచుకుని చచ్చేదాకా ప్రసాదం ముట్టకుండా ఉంటావా?"

"ఉంటా."

"నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటూ చూడాలా?"

తాత ఆమె చేతులు పట్టుకుని, "ఒద్దమ్మా, చెప్పకు. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త ఆయన తల నిమిరి, కోటు తొడుక్కుని ఫాదర్ ఇంటికి వెళ్లింది. వెళ్లొద్దని కాళ్లకి అడ్డం పడాల్సింది నేను. పడలేదు.

సాయంత్రం ఎఫ్రాయిన్ వచ్చాడు. మెట్లమీద కూర్చున్నారు ఇద్దరూ.

"కోర్టుకెళ్లి చేసుకుందాం. రేపే."

"అప్పుడు నువ్వు నాకు మొగుడివవుతావు. మామయ్య మాత్రం మనల్ని చూసినప్పుడల్లా చస్తాడు."

"మీవాళ్లు ఒప్పుకోరని భయపడ్డాను థెమెలీనా. మా అమ్మ ఒప్పుకోదని భయపడ్డాను. అందరూ ఒప్పుకున్నారు కదా!"

 అతను వెళ్లాక కూడా అత్త చలిలో అక్కడే కూర్చుంది. అమ్మ దుప్పటి తెచ్చి కప్పితే వద్దనలేదు.

ఎఫ్రాయిన్ ఊరు వదిలిపోతాడనుకున్నాం. పోలేదు. చర్చి కూడా మానలేదు. సకెల్లారిస్ తాతకి జబ్బు చేసినప్పుడు కొడుకులా మంచం పక్కన కూర్చున్నాడు, కొడుకులాగే పాడె మోశాడు. అత్త, అతను ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్లు. అత్తకి మళ్లీ సంబంధాలు చూడడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆరేళ్లకి ఎఫ్రాయిన్ వాళ్ల ఊరి అమ్మాయి మిగ్దాలియాని చేసుకున్నాడు, మా చర్చిలోనే. నేను వెళ్లనన్నాను. అత్త నా చెవి మెలేసి తీసుకెళ్లింది.

పెళ్లయ్యాక కొత్త జంట గుమ్మం దాటేముందు వరుడి తల్లి ఇద్దరి నోట్లోనూ తేనె పెట్టాలి. ఎఫ్రాయిన్ తల్లి అప్పటికి లేదు. ఇప్పుడెలా అని అందరూ మొహాలు చూసుకుంటుంటే నానమ్మ కర్ర మీద ఆనుకుని, "వెతకడం దేనికి? చెల్లెలు ఉందిగా," అంది. కసితో అనలేదు. న్యాయంగా తనకి తోచిందే అంది. ఆ ముసలిదాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అత్త ఒక్క క్షణం నిలబడి, ముందుకొచ్చి తేనె గిన్నె అందుకుంది. మిగ్దాలియా వంగి ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని నోరు తెరిచింది. తర్వాత ఎఫ్రాయిన్ వంతు. అతను పళ్లు బిగించుకుని అత్తనే చూస్తున్నాడు. చెంచా మీంచి తేనె జారి అత్త మణికట్టు మీద పడింది. జనం గుసగుసలాడడం మొదలుపెట్టారు.

ఆరేళ్లలో ఎవరెంత ఆ వరస కలిపినా అత్త నోట ఆ మాట నేను వినలేదు. ఆ రోజు విన్నాను.

"నోరు తెరువు, అన్నయ్యా," అంది.