ఇప్పపూలతో మాలిమి చేసిన కుక్కపిల్ల

బస్తర్‌లో రాజుల ఏలుబడి నాటి మాట. మా కొంటా పక్క ఇప్పపూలు ఏరడానికి కుక్క లేకుండా అడవికి పోరు, పూల కోసం ఎలుగుబంటి వస్తది. మా పాత కుక్కను చిరుత ఎత్తుకపోయింది. ఇక మిగిలింది మనిషిని చూస్తేనే బెదిరే కుక్కపిల్ల. పూలు ఏరకపోతే వానాకాలం తిండి లేదు. అందుకే ఎండు ఇప్పపూలు అరచేతిలో పెట్టి పిలిచి పిలిచి మాలిమి చేసుకున్న. భయమైతే నా దగ్గరికే రావాలని నేర్పిన.

దాన్ని తీసుకొని పూలకు పోయిన మొదటి పొద్దున్నే ఎలుగు రానే వచ్చింది.

"మొరుగు, నీకు దండం పెడత, మొరుగు" అన్న.

అది మొరగలేదు. నేర్పినట్టే ఉరికొచ్చి నా కాళ్ల నడుమ దూరింది. నేను ఏరిన గంపంతా ఎలుగు తింటుంటే, కుక్కపిల్లను నమ్ముకొని వచ్చిన నేను, నన్ను నమ్ముకున్న అది, ఇద్దరం చూసుకుంట నిలబడ్డం.