గఫూర్ గీసిన చివరి పులి

గఫూర్ పోయి మూడు నెలలైంది. అతను చివరిసారి పులిని గీసిన సినిమా నా ఫోన్‌లోనే ఉంది. ఇంకా చూడలేదు.

దసరాకైనా పీర్ల పండగకైనా మా వన్‌టౌన్‌లో పులివేషం కట్టేవాళ్లంతా అతని వాకిట్లోనే చేరేవారు. సైన్‌బోర్డులు రాసి బతికేవాడు గానీ, అతని ప్రాణమంతా మనుషుల్ని పులుల్ని చేయడంలో ఉండేది. ఒకరికి గీసిన చారలు ఇంకొకరికి గీసేవాడు కాదు. “పక్కటెముకల్ని బట్టి సార పోవాలి మాస్టారూ. లేపోతే అది పులి కాదు, దుప్పటీ” అనేవాడు.

ఒక దసరానాడు అతని కొడుకు వసీం రంగు కడుక్కోవడానికి వేషంతోనే సముద్రంలో దిగాడు. మళ్లీ రాలేదు. శవమూ దొరకలేదు. ఆ తర్వాత గఫూర్ మనిషి ఒంటి మీద కుంచె పెట్టలేదు.

నిరుడు సాయిశంకర్ అనే సినిమా కుర్రాడు వచ్చాడు. సినిమాలకి మాటలు రాని కాలంలో తీసినట్టు, చేత్తో తిప్పే కెమెరాతో అడవి వేట సినిమా తీస్తున్నాడట. కంప్యూటర్ పులి వద్దట, మనిషే పులి కావాలట. గఫూర్ బోర్డు రాస్తున్న కుంచె కడిగి పక్కన పెట్టాడు.

“గీత్తాను బాబూ. కానీ నా పులి సావకూడదు.”

“చావదు, ప్రామిస్.”

సింహాచలం కొండ వెనక జీడితోటనే అడవి చేశారు. వసీంతో కలిసి తిరిగిన పోలిరాజు, చేపల వేట మానుకుని పులిగా వచ్చాడు. గఫూర్ తనకి తోడుగా నన్నూ తీసుకెళ్లాడు.

రెండోరోజు రంగు వేస్తుంటే పోలిరాజు ఒకటే మెలికలు తిరిగాడు. “ఏటి బాబాయ్, సక్కిలిగింతలెడతన్నావ్! పులి నవ్వితే సినిమా పోద్ది!”

“కదిలావంటే పిల్లిని సేసేత్తాను.”

ఎడమ భుజం మీద చార మధ్యలో ఆగి, రూపాయి బిళ్లంత చోటు వదిలి, మళ్లీ మొదలవడం నేను చూశాను. వసీంకి అక్కడ కాలిన మచ్చ ఉండేది. రంగు మండుతుందని తండ్రి ఎప్పుడూ ఆ మేర వదిలేసేవాడు. పోలిరాజు భుజం నున్నగా ఉంది. గఫూర్ చెయ్యి ఏం చేసిందో గఫూర్‌కి తెలియలేదు. నేను రంగు గిన్నె అతని దగ్గరికి జరిపాను.

మధ్యాహ్నం సాయిశంకర్ తల గోక్కుంటూ వచ్చాడు. “కథ కుదరట్లేదు బాబాయ్. పులి పడిపోవాల్సిందే. ఉత్తినే, ఒక్క షాటు.”

గఫూర్ కాదనేలోపే కెమెరా తిరిగింది. వేటగాడు తుపాకీ ఎత్తాడు. పులి ఎగిరి, ఎండుటాకుల్లో కుడివైపుకి పడింది. పైకి కనబడుతున్న ఆ ఎడమ భుజాన్ని అప్పుడు చూశాడు గఫూర్.

“వసీం! లెగరా! లెగు నాన్నా!”

మాటల్లేని సినిమాలో ఎవరు అరిచినా షాటు ఆగదు. సాయిశంకర్ తిప్పుతూనే ఉన్నాడు. పోలిరాజు కాసేపు కళ్లు మూసుకునే ఉండి, తర్వాత లేచాడు. నాలుగు కాళ్ల మీదే మెల్లగా నడిచొచ్చి, గఫూర్ మోకాలికి తల ఆనించాడు.

“నాను పోలిగాడ్ని బాబాయ్.”

“తెలుసురా,” అన్నాడు గఫూర్, ఆ భుజం మీద చెయ్యి వేసి. “కాసేపు మాటాడకు.”