నీళ్లలో నాలుగో మూల

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. మా ఇంట్లో కనబడిన బల్లి నేను వీధి చివరికి చేరేసరికి ఉడుమైపోతుంది. కనుక ఇందులోని ఎండనీ, నా ధైర్యాన్నీ సగానికి తగ్గించుకుని చదవండి. (ధైర్యం పూర్తిగా తీసేసినా ఫర్వాలేదు.) ఆ రోజుల్లో నాకు సరుగుడు తోటల సర్వేలో కాంట్రాక్టు ఉద్యోగం. ఇటుకంత జీపీఎస్ యంత్రం చేతికిచ్చారు. పాత పటంలో తోటకి నాలుగు మూలలు. ఒక్కో మూలకీ నడిచి వెళితే యంత్రం కూస్తుంది. అక్కడి చెట్టు ఫోటో తీసి, వివరాలు నింపి పంపాలి. భోగాపురం అవతల తీరంలో మూడు మూలలు మధ్యాహ్నంలోపే కూశాయి. నాలుగోదానికి 'ఇంకా మూడొందల అడుగులు' అని యంత్రం బాణం చూపించింది. అటు సముద్రం తప్ప ఏమీ లేదు.

పెద్దసారుకి ఫోన్ చేశాను. "యంత్రం అబద్ధం చెప్పదయ్యా, నువ్వే చెబుతావు. సాయంత్రంలోగా ఆ మూల రాకపోతే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు" అన్నారు.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన నా అవస్థ చూసి నవ్వాడు. "ఏటి బావూ, సంద్రాన్ని కొలవడానికొచ్చినావేటి?" సంగతి చెప్పాను. యంత్రం వంక చూడనైనా లేదు. "ఆ మూల సెట్టా? నాకెరికే. మా అయ్య దాని నీడనే వల అల్లీవోడు. తోటని సంద్రం మింగీసినాది గానీ, సెట్టెక్కడికి పోద్ది? పడవెక్కు, సూపిస్తాను."

ఒడ్డు వైపే చూస్తూ తెడ్డు వేశాడు. దూరాన కొండ నెత్తీ, ఒడ్డున ఒంటరి తాడిచెట్టూ ఒకే గీతలోకి వచ్చేదాకా వేస్తూనే ఉన్నాడు. గాలి చటుక్కున పడిపోయింది. అంతవరకూ అరుస్తున్న కాకులు నోరు మూసుకున్నాయి. నీళ్లు నూనెలా నల్లగా నిలిచిపోయాయి. "ఇదే" అన్నాడు. అదే క్షణంలో యంత్రం కూసింది. (నేనూ కూశాను, అది లెక్కలోకి రాదు.) లంగరు వదిలాడు. తాడు దిగి దిగి, కిందనెవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది. గాలి లేదు, అల లేదు, అయినా పడవ గుంజకి కట్టిన దూడలా ఆ తాడు చుట్టూ మెల్లగా తిరగడం మొదలెట్టింది. "సెట్టు మొదలు ఇంకా ఉన్నాది బావూ. సచ్చినా ఇడవదు. నావి నాలుగు వలలు సింపీసినాది" అంటూ పడవ అడుగుచెక్కకి చెవి ఆనించాడు. "ఇనబడతందా?" నేనూ ఆనించాను. నీళ్ల కింద, సరుగుడు తోటలో గాలి వీచినప్పటి 'సుయ్‌య్' చప్పుడు, ఎవరో నా పేరు పూర్తిచేయలేక ఆగిపోతున్నట్టు. పట్టపగలు, నడినెత్తిన ఎండ, నాకు వెన్నులో చలి.

యంత్రం 'చెట్టు స్థితి' అడిగింది: నిలబడి ఉంది, పడిపోయింది, నరికేశారు. మునిగి ఉంది అనేది లేదు. బిగుసుకున్న తాడు ఫోటో తీసి, 'నిలబడి ఉంది' నొక్కాను. "చెట్టేదయ్యా?" అన్నారు సారు మర్నాడు. "తాడు కింద ఉందండీ, వదలడం లేదు." ఆయన నన్నూ ఫోటోనీ మార్చి మార్చి చూసి, సంతకం పెట్టేశారు. ఉద్యోగం నిలబడింది.

ఇక ఒప్పుకోలు. మూల నిజం, తాడు నిజం, పడవ తిరగడమూ నిజమే. ఆ 'సుయ్‌య్' మాత్రం నా కల్పన. నాకేమీ వినబడలేదు. ఒడ్డెక్కే తొందరలో చెవి అలా ఆనించి, ఇలా తీసేసి, "ఆఁ, వినబడుతోంది తాతా" అనేశాను. ఆయన చిన్నపిల్లాడిలా తలూపి, మళ్లీ చెవి ఆనించాడు. ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది, వినికిడీ కాస్త తగ్గింది. అయినా మళ్లీ ఆ పడవెక్కితే, తాపీగా మరికాసేపు ఆ చెక్క మీద చెవి పెట్టుకుని ఉండగలననిపిస్తుంది.